చూరు దగ్గర రెండు వేళ్ళ సందు

పెద్దమ్మ పోయిందన్న కబురు అందేసరికి నేను వాన గదిలో ఉన్నాను. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో నేను పనిచేసే కార్ల ఫ్యాక్టరీలో అలాంటి గది ఒకటి ఉంది. కొత్త కారును మధ్యలో నిలబెట్టి పైనుంచీ పక్కలనుంచీ నీళ్ళు కొడతాం. లోపలికి చుక్క దిగకూడదు. దిగితే ఏ సందులోంచి దిగిందో వెతికి మూయించడం నా ఉద్యోగం. ఆ హోరులో ఫోను వినపడక బయటికొచ్చి ఎత్తితే, పెద్దమ్మ ఇంటి పై గదిలో అద్దెకుంటూ చదువుకునే అమ్మాయి. ఆస్పత్రిలో, పొద్దున్నే, నిద్రలోనే పోయిందని చెప్పింది. చెప్పి, "అంకుల్, ఇప్పుడు ఏ ఆఫీసుకి ఫోన్ చెయ్యాలో నాకు తెలీదు" అని ఏడ్చింది.

మా ఇళ్ళలో ఎవరైనా పోతే అనుకునే మాట అనుకున్నాను. తర్వాత లోపలికి వెళ్ళి, పరీక్ష పూర్తిచేసి, కాగితం మీద సంతకం పెట్టాను. పెద్దమ్మ అక్కడుంటే అలాగే చెయ్యమనేది. పని సగంలో వదిలి వచ్చిన మనిషిని ఆవిడ గుమ్మంలోకి కూడా రానిచ్చేది కాదు. సంతకం పెట్టాక పార్కింగులో నా కారులో కూర్చుని, సిగ్గు లేకుండా ఏడ్చాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క కాదు. మాది నల్లగొండ, ఆవిడది గోదావరి వైపు. నేను ఐదు పూటలా నమాజు చెయ్యాలని రోజూ అనుకుని రెండు పూటలే చేసే రకం, ఆవిడ శనివారాలు ఒంటిపూట. మొదటిసారి కలిసినప్పుడు ఏమని పిలవాలో తెలియక ఆంటీ అన్నాను. "ఆంటీలు ఈ ఊళ్ళో బస్సుకి నలుగురెక్కుతారు. పెద్దమ్మ అను, ఒక్కదాన్నే ఉంటాను" అంది. అప్పటినుంచీ నాకే కాదు, బ్లూ కార్డు వీసా మీద ఉద్యోగాలకొచ్చిన మా అందరికీ, గది దొరక్క అల్లాడే విద్యార్థులకీ ఆవిడ పెద్దమ్మే. జర్మన్‌లో తప్ప జవాబివ్వని మా అమ్మాయికి మాత్రం ఓమా, అంటే అమ్మమ్మ.

మేమంతా లాప్‌టాప్ సంచులతో దిగినవాళ్ళం. ఆవిడ పంతొమ్మిదివందల అరవైల చివర్లో, ఇరవై ఏళ్ళు నిండీ నిండకుండా, ఇంజినీరు భర్త వెంట ఒక ట్రంకు పెట్టెతో దిగింది. ఊళ్ళో ఇళ్ళ కప్పులు వేసే మేస్త్రి ఒకాయనకి ఫోన్లు ఎత్తే మనిషి కావలసివస్తే చేరింది. జర్మన్ అంతా ఆ ఫోన్లోనే నేర్చుకుంది. అందుకే ఆవిడది పుస్తకాల జర్మన్ కాదు, వడ్రంగుల బవేరియా యాస. మా జర్మన్ టీచరు వింటే కళ్ళు తిరిగి పడిపోయేది. కొన్నాళ్ళకి ఆ మేస్త్రికి మోకాలు పట్టేసింది. కొలతలు తియ్యడానికి ఎవరూ లేకపోతే ఈవిడ నిచ్చెన ఎక్కింది. ఎక్కిన మనిషి ముప్ఫై ఏళ్ళు దిగలేదు. కప్పులు తనిఖీ చేసే పనికి కావలసిన పరీక్షలు కూడా రాసి నెగ్గింది. ఆ రోజుల్లో, ఒక బవేరియా పల్లెటూరి ఆసామి, చీర కట్టుకున్న ఆడమనిషి చెబితే తన ఇంటి పెంకులు విప్పుతాడా అని మీరు అడగొచ్చు. మొదట్లో విప్పేవాళ్ళు కాదట. ఒక చలికాలం గడిచాక వాళ్ళే వచ్చి అడిగేవాళ్ళట.

ఆవిడ కారు డిక్కీలో ఎప్పుడూ ఒక మాసిన ప్యాంటు, తలకి కట్టుకునే దీపం, ఒక సుత్తి ఉండేవి. ఎవరింటికి పోయినా ముందు స్నానాలగదిలోకి వెళ్ళి చీర మార్చుకుని ప్యాంటుతో బయటికొచ్చేది. గాజులు మాత్రం తీసేది కాదు. పైన ఏ మూల ఉందో గాజుల చప్పుడుని బట్టి చెప్పొచ్చు. దిగేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేది కాదు. జర్మన్లతో సెంటీమీటర్లలో మాట్లాడి, మాతో జానెడు, బెత్తెడు, రెండు వేళ్ళు అనేది. ఒక్క విషయంలో ఆవిడకి గర్వం ఉండేది, దాచుకునేది కాదు. తాను చెయ్యి పెట్టిన ఇళ్ళలో ఒక్క ఇంటికి కూడా చూరు మూతపడలేదని చెప్పుకునేది.

ఇక నా ఘనకార్యం చెప్పాలి.

గ్యాసు దొరుకుతుందో దొరకదోనని దేశమంతా భయపడిన ఏడాది మేము ఇల్లు కొన్నాం. ఊరు బయట పాత ఇల్లు, పైన పెంకుల వాలు కప్పు, దాని కింద ఎవరూ ఉండని అటక. మన ఇళ్ళలో గోడకి కట్టే అటక లాంటిది కాదు, ఇంటి వెడల్పంతా ఉంటుంది, నడుం వంచుకుని తిరగాలి. కప్పు కిందికి దిగి చూరు అయ్యే చోట ఇంటి పొడవునా సన్నటి సందు. అందులోంచి చలిగాలి ఈల వేసుకుంటూ వచ్చేది. నా ఉద్యోగం ఏమిటో చెప్పాను కదా, సందు కనపడితే నా చెయ్యి ఊరుకోదు. అటక నేల మీద డేముంగ్, అంటే చలిని ఆపే గాజు ఊలు చుట్టలు, పరిచాను. మిగిలిన ఊలంతా చూరు సందులో కుక్కాను. కుక్కింది జారకుండా పైన, డబ్బాలోంచి చిమ్మితే గట్టిపడే నురగ కొట్టాను. స్నానాలగది ఆవిరి బయటికి పోయే గొట్టం కప్పు దాటే చోట కూడా చల్లగా తగిలితే దాన్నీ మూసి బిగించేశాను. అంతా అయ్యాక, కార్లకి కూడా ఇవ్వని మార్కులు నా ఇంటికి ఇచ్చుకున్నాను.

"ఇంత గట్టిగా మూస్తే ఏం గాదా?" అని నా భార్య నస్రీన్ అడిగింది. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా దవడ మీద నేనే ఒకటి ఇచ్చుకోవాలనిపిస్తుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. వీడియో తీసి మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మన గ్రూపుల సంగతి మీకు తెలియంది కాదు. ఆఫీసుల్లో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఏ వేళకి దొరుకుతుందో, ఏ డాక్టరు ఇంగ్లీషు మాట్లాడతాడో ఒకడు చెబితే నూరుమంది చేసేస్తారు. ఎవడూ ఇంకొకణ్ణి అడగడు. జర్మన్ మేస్త్రిని పిలిస్తే ఆర్నెల్లకి గానీ రాడు, మన భాయ్ ఉండగా మేస్త్రి దేనికన్నారు. నేను పొంగిపోయాను. ఆ శరదృతువులో శనివారాలన్నీ తిరిగి ఇంకో ఐదిళ్ళ అటకలు అచ్చం నా ఇంటిలాగే మూసొచ్చాను.

ఆ ఐదింటిలో ఒకటి సురేష్‌ది. సురేష్‌ది విజయవాడ. నాతోపాటు ఒకే రోజు ఉద్యోగంలో చేరాడు. మొదటి నెల ఇద్దరం ఒకే గదిలో ఉండి, ఒకే గిన్నెలో వండుకున్నాం. మ్యూనిక్ వెళ్ళే రైలు దారిలో ఫాఫెన్‌హోఫెన్‌లో ఇల్లు కొన్నాడు. వాళ్ళ అటక పెద్దది, రెండు శనివారాలు పట్టింది. మధ్యాహ్నం అక్కడే పలకల మీద కూర్చుని గోంగూర పచ్చడితో అన్నం తిని, మళ్ళీ కుక్కడం మొదలుపెట్టాం.

జనవరిలో పెద్దమ్మని దావత్‌కి పిలిచాం. ఇంకా చాలామందిని పిలిచాం. బగారా అన్నం, ఖట్టీ దాల్, మటన్, పెద్ద పెద్ద దేగిశాల్లో పొద్దుటినుంచీ ఉడుకుతున్నాయి. చలికి కిటికీలన్నీ మూసే ఉన్నాయి. తినేముందు చెయ్యి కడుక్కుంటానని మేడ మీదికి వెళ్ళిన పెద్దమ్మ ఎంతకీ దిగలేదు. వెళ్ళి చూస్తే, పై వసారాలో అటక తలుపు కింద నిలబడి ఉంది. తల పైకెత్తి వాసన చూస్తోంది.

"పైన తడి ఉంది అబ్బాయ్" అంది.

"ఏం తడి లేదు పెద్దమ్మా. అంత నేనే సీల్ చేసిన. గాలి గూడ దూరది."

"అదే నా భయం" అని నిచ్చెన అడిగింది.

డెబ్బై అయిదేళ్ళ మనిషి. కింద ఇంటినిండా జనం. వద్దంటే వినలేదు, డిక్కీలోంచి ప్యాంటు తెప్పించుకుంది. వెనకాలే నేనూ ఎక్కాను. ఆవిడ తలదీపం వెలుగు కప్పు మీద పడింది. పై చెక్కల్లోంచి లోపలికి పొడుచుకొచ్చిన మేకుల మొనలన్నీ మెరిశాయి. ప్రతి మొన మీదా పెసరగింజంత మంచు గుండు. చెక్క మీద వేలు రాస్తే తడి. వాసాల మూలల్లో నల్లమచ్చలు మొదలయ్యాయి.

వంట ఆవిరి, స్నానాల ఆవిరి, మనుషుల ఊపిరి, అన్నీ పైకే వస్తాయని చెప్పింది. అటక తలుపు చుట్టూ సందుల్లోంచి అవి ఇక్కడికి చేరతాయి. చూరులోంచి లోపలికొచ్చే గాలి ఆ తేమని ఎత్తుకుని పైన రెండు వాలులూ కలిసే కొప్పు దగ్గర బయటికి పోవాలి. గాలే రాకపోతే తేమ ఇక్కడే ఉండి, చల్లటి చెక్కకి పట్టుకుని నీరవుతుంది. నీరు పట్టిన చెక్క కుళ్ళుతుంది. ఇదంతా నిదానంగా చెప్పి, ఆఖర్న నా వైపు తిరిగి అంది.

"మూయాల్సిన తలుపు వదిలేసావు, వదలాల్సిన చూరు మూసేసావు. ఇంటికి దుప్పటి కప్పమన్నారు గానీ ముక్కు ముయ్యమన్నారటయ్యా?"

నాకు కోపం ఎక్కువ. ఇంజినీరుని, పదిమందికి చెప్పినవాణ్ణి, నా ఇంట్లో నన్ను ఇలా అంటుందా అనిపించింది. మీ కాలం వేరు పెద్దమ్మా, ఇప్పుడు టెక్నాలజీ మారిందన్నాను. ఆవిడ దిగి, చీర మార్చుకుని, అందరితో కూర్చుని అన్నం తింది. దాల్ బాగా కుదిరిందని నస్రీన్‌తో చెప్పి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు ఆ కోపంలోనే ఉన్నాను. ఐదో రోజు ఎండ కాసింది. మేకుల మీది మంచంతా కరిగి, కప్పులోంచి ఒక చుక్క మా అమ్మాయి మంచం మీద పడింది. కారులో చుక్క పడితే నా మొహం ఎలా అవుతుందో ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. సొంతింట్లో పడితే ఎలా అయిందో నస్రీన్ ఒక్కతే చూసింది. పైకెక్కితే చెక్కలన్నీ చెమట పట్టి ఉన్నాయి. ఫోన్ చేసి, పెద్దమ్మా అన్నాను.

"చుక్క పడిందా?" అని ఆవిడే అడిగింది. శనివారం వస్తానని, వచ్చేలోపు చెక్క పలకలు కొనిపెట్టమని, కొలతలు చెప్పి పెట్టేసింది. నేను అన్న మాటని ఆ రోజు గానీ తర్వాత గానీ ఎత్తలేదు.

ఆ శనివారం పొద్దున్నుంచి చీకటి పడేదాకా పని చేయించింది. గట్టిపడ్డ నురగని రంపంతో కోయించింది. చూరులో కుక్కిన ఊలంతా వెనక్కి లాగించింది. తడిసిన చుట్టల్ని కిటికీలోంచి కింద పారేయించింది. తర్వాత వాసానికీ వాసానికీ మధ్య ఒక్కో పలక, కప్పు వాలుకి సమంగా కొట్టించింది. ఊలు మళ్ళీ చూరులోకి జారకుండా అడ్డమన్నమాట. పలకకీ పై చెక్కకీ మధ్య తన రెండు వేళ్ళు జతచేసి దూర్చి చూసేది. వేళ్ళు దూరి, అటూ ఇటూ ఆడితేనే సరే అనేది. బిగిస్తే, ఊడదియ్యి అనేది. నేను కొట్టిన మొదటి ఆరు పలకలూ ఊడదీయించింది. బయట పిట్టలు దూరకుండా సన్న జాలీ వేయించింది. స్నానాలగది గొట్టాన్ని మళ్ళీ కప్పు బయటికి తెరిపించింది.

చివరికి అటక తలుపు దగ్గర కూలబడి, "ఇప్పుడు నీ విద్య చూపించు. దీన్ని కారు తలుపులా ముయ్యి" అంది.

రబ్బరు పట్టీ మూలల్లో ఎలా తిప్పాలో, ఎక్కడ అతుకు రాకూడదో నాకు బాగా తెలుసు. అరగంటలో చేసేశాను. తలుపు మూసి సందులో కాగితం పెట్టి లాగి చూసింది. కాగితం చిరిగింది గానీ కదల్లేదు. మా మేస్త్రి బతికుంటే నిన్ను పనిలో పెట్టుకునేవాడు అంది. ఉద్యోగంలో మెచ్చుకోలు కాగితాలు నాకూ ఉన్నాయి, వాటిని ఏ సొరుగులో పెట్టానో గుర్తులేదు. ఈ మాట మాత్రం ఆ వారమంతా నస్రీన్‌కి రోజూ చెప్పాను.

టీ తాగుతుంటే నస్రీన్ నెమ్మదిగా, మరి మిగతా ఐదిళ్ళ సంగతేంటని నన్ను అడిగింది. పెద్దమ్మ గ్లాసు కింద పెట్టింది. ఏ ఐదిళ్ళంది. ఆవిడ ఆ గ్రూపులో లేదు, నా వీడియో సంగతి ఆవిడకి తెలియనే తెలియదు. చూపించాను. మొదటినుంచి చివరిదాకా చూసింది. గ్రూపులో ఒక మెసేజ్ పెట్టేస్తానన్నాను.

"గ్రూపులో రాస్తే నీ మనసు తేలికపడుతుంది, వాళ్ళ వాసాలు ఆరవు" అంది. "వెళ్ళు. గుమ్మంలో నిలబడి, తప్పు చేసానండీ అని చెప్పు. నిచ్చెన నువ్వే పట్టుకెళ్ళు."

ఇక్కడ మీకు ఒక సంగతి తెలియాలి. ఆ చలికాలం దాటేలోపు చూరులు తెరిచి ఆరబెడితే ఆ కప్పులు దక్కుతాయి. వదిలేస్తే మళ్ళీ చలికాలానికి చెక్క పుచ్చి, కప్పు మొత్తం దించాల్సి వస్తుంది. మేమంతా ఊపిరి బిగబట్టి ఇళ్ళు కొన్నవాళ్ళమే, కొత్త కప్పు వేయించే తాహతు ఒక్కరికీ లేదు. ఐదు కుటుంబాలు నా మాట నమ్మి నెత్తిమీది కప్పు నా చేతిలో పెట్టాయి. ఆ ఐదు కప్పులూ నేను పాడుచేస్తున్నాను.

నాలుగిళ్ళకి ఆవిడ నాతో వచ్చింది. ప్రతి గుమ్మంలోనూ నేను నోరు విప్పేదాకా మాట్లాడేది కాదు. తడబడినా అందుకునేది కాదు, నా పక్కన నిలబడి ఉండేది, అంతే. ఒకచోట నవ్వారు. ఒకచోట ఆ ఇంటాయన సాయంత్రందాకా నా మొహం చూడలేదు, అడగాల్సినవన్నీ ఆవిడనే అడిగాడు. నేను చెప్పడం అయ్యాక మాత్రం ఆవిడ ఇంటి ఇల్లాలితో, రోజుకి ఎన్నిసార్లు కుక్కర్ పెడతావమ్మా, బట్టలు ఎక్కడ ఆరేస్తావు అని మొదలుపెట్టి, పావుగంటలో ఆ ఇంటి మనిషైపోయేది. నాలుగిళ్ళ చూరులూ తెరిచాం. నాలుగు కప్పులూ దక్కాయి.

ఐదోది సురేష్ ఇల్లు. ఆ శనివారం పెద్దమ్మకి జ్వరం వచ్చి నేనొక్కణ్ణే వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పాను. వాళ్ళ పడకగది పైన అప్పటికే మరక వచ్చిందట, రెండుసార్లు రంగు వేసినా మళ్ళీ వచ్చిందట. ఆ కోపం అతని కడుపులో ఉంది.

"అప్పుడు ముయ్యాలన్నావు, ఇప్పుడు తెరవాలంటున్నావు" అన్నాడు. "రేపు ఇంకోటంటావు. నా ఇల్లేమన్నా నీ ఫ్యాక్టరీనా భాయ్, ప్రయోగాలు చెయ్యడానికి? ఇంక నా కప్పు జోలికి రాకు."

తలుపు వేసేశాడు. వారం ఆగి మళ్ళీ వెళితే తలుపు తియ్యనే లేదు. కిటికీలోంచి అతను కనపడుతూనే ఉన్నాడు. పెద్దమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. సరే అంది. ఆ ఒక్క మాటే అని ఊరుకుంటే, నేను ఓడిపోయానని ఆవిడ కూడా ఒప్పేసుకుందని బాధపడ్డాను. అప్పటినుంచీ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నేనొక బల్ల, సురేష్ ఒక బల్ల. చలి ముదిరిన రోజుల్లో అతని పైకప్పు గురించి ఆలోచన వచ్చేది. అడగడానికి దారి లేదు.

ఆ తర్వాత రెండేళ్ళూ పెద్దమ్మ పేరు మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పాకింది. ఎవరు పాత ఇల్లు కొన్నా సంతకాలకి ముందు పెద్దమ్మ వచ్చి చూడాల్సిందే. కిందటేడు ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. అటక తలుపు కింద కుర్చీ వేసుకుని కూర్చునేది, నేను పైకెక్కి ఫోన్‌లో చూపించేవాణ్ణి. కెమెరా తొందరగా తిప్పితే తిట్టేది. ఆవిడ తరఫున నిచ్చెన ఎక్కుతున్నానన్న గర్వం నాకు ఎంత ఉండేదో చెప్పలేను. అక్టోబరు వస్తే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, చూరు చూసుకున్నారా అని అడిగేది. సురేష్ ఊసు మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు.

ఇక అంత్యక్రియల రోజు. మా తెలుగువాళ్ళం ఏ నలభైమందో వస్తామనుకున్నాను. శ్మశానంలో హాలు ముందుకి వెళ్ళేసరికి కప్పులు వేసే పనివాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. పండగలకీ చావులకీ వాళ్ళు వేసుకునే నల్ల కార్డురాయ్ కోట్లు, వెడల్పాటి టోపీలు. పెట్టె లోపలికి తెస్తుంటే అందరూ ఒక్కసారి టోపీలు తీశారు. వాళ్ళలో తెల్లగడ్డం ఆయన ఒకడు, తనకి సుత్తి పట్టడం నేర్పింది ఈవిడేనని పక్కవాడికి చెబుతున్నాడు. నా ఛాతీ ఉబ్బిపోయింది. ఆవిడ నాకు ఏమవుతుందని ఎవరన్నా అడిగితే బాగుండుననిపించింది.

బయటికొచ్చాక సురేష్ నా దగ్గరికి వచ్చాడు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎంత పెద్ద మనసు భాయ్ ఆవిడది. తన తప్పు తనే వచ్చి ఒప్పుకుంది. నేనే నిన్ను అనవసరంగా అన్నాను" అన్నాడు.

ఏం తప్పని అడిగాను.

"అదే, చూరు ముయ్యమని నీకు చెప్పింది తనేనట కదా. అబ్బాయికి ఈ ఇళ్ళ సంగతేం తెలుసు, నేను చెప్పినట్టు చేసాడు, తప్పు నాదీ అంది. ఆ వయసులో గుమ్మంలో నిలబడి అంత మాటంటే తలుపెలా వేస్తాను?"

నేను రెండోసారి వెళ్ళి తిరిగొచ్చిన మర్నాడే ఆవిడ రైలెక్కి వాళ్ళింటికి వెళ్ళిందట. జ్వరం పూర్తిగా తగ్గనే లేదు, దగ్గుతూనే ఉందట. రెండు రోజులు వెళ్ళింది. నిచ్చెన మీద సగం దాకా ఎక్కి నిలబడి, సురేష్ చేతే అన్నీ చేయించింది. వెళ్ళిపోతూ, ఈ సంగతి అబ్బాయికి నేను చెప్పను, నువ్వే ఫోన్ చేసి పిలువు అందట. పిలవడానికి అతనికి మొహం చెల్లలేదు. రేపు చేద్దాం, రేపు చేద్దామని రెండేళ్ళు గడిచాయి.

ఒక్క చూరు మూతపడలేదని చెప్పుకునే మనిషి, ఆ ఒక్క గర్వాన్నీ తీసుకెళ్ళి పరాయివాడి గుమ్మంలో పెట్టేసింది. ఒక కప్పు కోసం, ఇద్దరు మూర్ఖుల స్నేహం కోసం. గుమ్మంలో నేను తడబడినా సాయం చెయ్యని మనిషి ఇంత పని చేసి, నాకు తెలియనివ్వలేదు. ఆ నిమిషంలో ఆవిడ మీద నాకు కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి?

"ఆమె నాకు ఏం చెప్పలేదు సురేష్" అన్నాను. "మీ ఇల్లు మూసిననాటికి ఆమెకు నా ఇల్లు సంగతే తెల్వదు. మూసింది నేనే. నా సొంత తెలివి."

సురేష్ అక్కడున్న బెంచీ మీద కూర్చుండిపోయాడు.

ఇది రాస్తున్నది అందుకే. ఆ మాట సురేష్ ద్వారా ఇంకో నలుగురికి చేరిందని తర్వాత తెలిసింది. పాపం పెద్దమ్మ కూడా ఒకసారి పొరపడిందట అని వాళ్ళు అనుకుంటున్నారు. అనుకోవద్దు. నల్ల కోట్లు వేసుకుని వచ్చినవాళ్ళకి తెలిసిన సంగతి మనవాళ్ళకీ తెలియాలి. పెద్దమ్మ జన్మలో ఏ ఇంటి చూరూ ముయ్యలేదు. మూసింది నేను, ఆరిళ్ళవి. ఆరింటినీ తెరిపించింది ఆవిడ. ఆరోది తన పేరు ఇచ్చి తెరిపించింది.

ఆ రోజు హాలు దగ్గర్నుంచి తిన్నగా సురేష్ కారులో ఫాఫెన్‌హోఫెన్ వెళ్ళాం. వేసుకున్న నల్లబట్టలు మార్చుకోకుండానే నిచ్చెన వేసి పైకెక్కాం. సురేష్ కొట్టిన మేకుల్లో సగం వంకరపోయాయి, పలకలు మాత్రం ఎక్కడివక్కడ ఉన్నాయి. వాసాల మీద పాత మచ్చలు ఎండి బూడిదరంగుకి వచ్చాయి. గోరు దించి చూశాను, చెక్క గట్టిగా ఉంది. బయట మార్చి గాలి. ఇద్దరం చూరు పక్కన గొంతుక్కూర్చున్నాం. సురేష్ తల వంచుకుని ఉన్నాడు. అతని మెడలో వేలాడుతున్న నల్ల టై కొస, చూరులోంచి వచ్చే గాలికి మెల్లగా కదులుతూ ఉంది.